సున్నంతో చేసిన ముఖం

మా ఆయన తాపీ మేస్త్రీ. మలేసియాలోని హుటాన్ మెలింటాంగ్‌లోనూ ఆ చుట్టుపక్కల ఊళ్లలోనూ కొత్త ఇళ్లకు సిమెంటు పూతలు పూసి బతికాడు. కానీ వాళ్ల తాతది సున్నపు పని. ఎస్టేటు దొరల బంగళాలకు డంగు సున్నం రుబ్బి, బెల్లం నీళ్లు పోసి, గోడలను అద్దంలా తీర్చినవాడు. చిన్నప్పుడు తాత పక్కన కూచుని మా ఆయన ఆ పని నేర్చుకున్నాడు. ఆ తర్వాత నలభై ఏళ్లపాటు దాని అవసరం ఎవరికీ రాలేదు.

ఈపో నుంచి కబురు వచ్చినప్పుడు ఆయన నమ్మలేదు. అక్కడ పాతబస్తీలో, నదికి దగ్గరగా, ఒక మహలు ఉంది. తగరం గనుల మీద కుబేరుడైన ఒక చైనా ఆసామి వెనకటి కాలంలో కట్టించుకున్నాడు. ఇటలీలో రినైసాన్స్ కాలపు ప్రభువులు ఎలాంటి మహళ్లలో ఉండేవారో అలాంటిదే తనకూ కావాలని పట్టుబట్టి కట్టించాడట. వాళ్ల వంశం చెదిరిపోయాక అది కొన్నాళ్లు బడి అయింది, కొన్నాళ్లు బియ్యం గోదాము అయింది, చివరికి గబ్బిలాల పాలయింది. దాన్ని బాగుచేసి జనానికి చూపించాలనుకున్నారు. కప్పు నిండా సున్నపు నగిషీ పని. దానికి సిమెంటు తగలకూడదు. సున్నం చేతపట్టిన మనిషి కోసం వెతికి వెతికి మా ఆయనను పట్టుకున్నారు.

సోమవారం పొద్దున్నే బస్సెక్కి వెళ్లేవాడు. అక్కడే పనివాళ్లతో ఉండి శనివారం సాయంత్రానికి ఇంటికి వచ్చేవాడు. వచ్చి కాళ్లు కడుక్కుని అన్నం ముందు కూచుంటే చాలు, ఆ మహలు కబుర్లే. కప్పు మీద ఎన్ని గళ్లు, గడికొక పువ్వు ఎలా ఉంది, ఏ పువ్వుకు ఏ రేకు విరిగింది, గోడా కప్పూ కలిసే చోట రెక్కలున్న చంటిపిల్లల ముఖాలు పదహారు ఎలా వరసగా ఉన్నాయి. ఆయన అంత మాట్లాడగా నేను విని చాలా ఏళ్లయింది. నేను కూర వడ్డిస్తూ ఊ కొట్టేదాన్ని. ఆ గళ్లూ పువ్వులూ నాకు అర్థమయ్యేవి కావు. ఆ గొంతు వినబడడమే నాకు కావలసింది.

మాకు ఒక కూతురు ఉండేది. పెళ్లయిన పన్నెండేళ్లకు పుట్టింది. ఆరేళ్లు నిండిన నెలలోనే డెంగీ జ్వరంతో పోయింది. నాలుగు రోజులు పేలిపోయే జ్వరం. అయిదో రోజు పొద్దున ఒళ్లు చల్లబడింది. జ్వరం దిగిందని మేమిద్దరం ఎంత సంతోషించామో! ఆయన వెళ్లి కొబ్బరి బొండాం తెచ్చాడు. పాప రెండు గుక్కలు తాగి, "అమ్మా, కాళ్లు సల్లగున్నాయి" అంది. కప్పి పడుకోబెట్టాను. డెంగీలో జ్వరం దిగాకే అసలు ప్రమాదం అని నాకు తెలియదు. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది.

సమాధికి ఆయనే పూత పూశాడు. ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. ఆ పని అయిపోయాక పాప మాట ఎత్తడం మానేశాడు. నేను ఎత్తితే లేచి వెళ్లి మోటారుసైకిలు తుడుచుకునేవాడు. శుభ్రంగా ఉన్నదాన్నే మళ్లీ తుడిచేవాడు. కొన్నాళ్లకు నేనూ మానేశాను. నేను పిల్లల బడిలో పని చేస్తాను, చిన్నవాళ్లకు అన్నం పెట్టి పడుకోబెట్టే పని. ఏడవవలసింది అక్కడే, పిల్లలు నిద్రపోయాక ఏడ్చి ఇంటికి వచ్చేదాన్ని.

ఇదంతా తెలుగులో రాయగలుగుతున్నానంటే మా నాన్న చలవ. నేను బటాంగ్ బెర్జుంటైలో పుట్టాను. నాన్న అక్కడి ఎస్టేటు చర్చిలో వాక్యం చదివేవాడు. బైబిలు ఒళ్లో పెట్టుకుని నాకు అక్షరాలు దిద్దించాడు. నా కూతురికి నేను ఆ అక్షరాలు ఇంకా మొదలుపెట్టనే లేదు.

రెండేళ్లకు కప్పు పని చివరికి వచ్చింది. పనివాళ్ల ఇంటివాళ్లు ఒక ఆదివారం వచ్చి చూసిపోవచ్చని మహలువాళ్లు అన్నారు. శనివారం ఇంటికి వచ్చి మా ఆయన ఆ మాట చెప్పాడు.

"రేపు రావే, ఓసారి సూద్దువు."

"మేడలు నేనేటి సూస్తాను మావా? పడీ లేసీ అంత దూరం."

"రాయే. నీకు సూపించాల." అన్నాడు.

ఆయన నన్ను ఎక్కడికీ రమ్మని అడిగే మనిషి కాదు. అందుకే వెళ్లాను. పొద్దున ఆరాధనకు కట్టుకున్న చీరతోనే బస్సెక్కాను.

ఈపోలో దిగి నడిచాం. పాతబస్తీలో కొట్ల ముందు వరండాలన్నీ ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, ఎండ తగలకుండా నడిచిపోవచ్చు. ఆదివారం కనుక సగం తలుపులు మూసి ఉన్నాయి. ఎక్కడో కాఫీ గింజలు వేయిస్తున్న వాసన. ఆయన నాకన్నా నాలుగడుగులు ముందే నడుస్తున్నాడు. పెళ్లికొడుకులా కొత్త చొక్కా వేసుకున్నాడు.

మహలు బయటికి మూడంతస్తులు. కింది అంతస్తు రాళ్లు గరుకుగా, కోటగోడలా ఉన్నాయి, పైకి పోయేకొద్దీ నునుపు. లోపలికి అడుగుపెడితే నడిమధ్య ఆకాశం కనబడే పెద్ద ముంగిలి. చుట్టూ స్తంభాలు, వాటి మీద గుండ్రటి కమానులు, పైన ఇంకో వరస స్తంభాలు, మళ్లీ కమానులు. పాలరాతి మెట్ల మీద నా చెప్పుల చప్పుడు నాకే సిగ్గనిపించింది. అంత పెద్ద ఇంట్లో ఎవరైనా ఎలా కాపురం చేశారో, పిల్లలు తప్పిపోరా అనుకున్నాను.

హాలులో ఇనుప గొట్టాల పరంజీ చాలావరకు విప్పేశారు, ఒక్క మూల మాత్రం ఉంది. పనివాళ్ల భార్యలు, పిల్లలు, ముసలి తల్లులు తలలెత్తి చూస్తున్నారు. వాళ్ల మేస్త్రీలు వేళ్లతో చూపిస్తున్నారు. మా ఆయన చూపించలేదు. నాకు కొంచెం దూరంగా గోడనానుకుని నిలబడ్డాడు.

"ఆ పిల్లల ముఖాలు సూడు. మెట్లకాడి నుంచి వరసగా సూసుకుంటా రా."

చూసుకుంటూ నడిచాను. అన్నీ ఒకే పోలిక. ఉబ్బిన బుగ్గలు, మూసిన పెదాలు, ఎటూ చూడని కళ్లు. ఏ ఇంటి పిల్లలో తెలియని పిల్లలు. పది దాటి పదకొండో ముఖం దగ్గరికి వచ్చాను.

పెదాలు విడివడి ఉన్నాయి. పై వరసలో ఒక పన్ను లేదు. తల కొంచెం ఎడమకు వాలి ఉంది, ఏదైనా అడిగి జవాబు కోసం చూసేటప్పుడు వాల్చినట్టు. కుడి చెవి కన్నా ఎడమ చెవి కొంచెం ముందుకు పొడుచుకు వచ్చి ఉంది.

నా కూతురు నా వైపు చూస్తోంది.

ఆ తర్వాత నేను చేసింది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. ఏడ్చి ఉంటే బాగుండేది. కూలబడి ఉన్నా బాగుండేది. నేను ఆయన మీదికి వెళ్లి, చొక్కా పట్టుకుని అరిచాను.

"ఎవుల్నడిగి పెట్టినావు దాన్ని అక్కడ? నా సెయ్యి అందని కాడ పెట్టినావేటి? అది నా బిడ్డ మావా! మేడకి బొమ్మ కాదు!"

హాలంతా ఆగిపోయింది. ఆయన నా చేతులు విడిపించుకోలేదు. "ఒలే, నెమ్మదిగా" అన్నాడు అంతే. పనివాళ్ల పెద్ద, ఒక తమిళతను, పరుగున వచ్చాడు. అతనూ ఎస్టేటులో పెరిగినవాడే, తెలుగు అర్థమవుతుంది. నన్ను చూసి, తలెత్తి ఆ వరసంతా చూసి, పదకొండో ముఖం దగ్గర ఆగిపోయాడు. అప్పటిదాకా కింది నుంచి ఎవరూ ఆ తేడాను పట్టి చూడలేదు. నేను అరిచాకే తెలిసింది.

తిరుగుబస్సులో ఇద్దరం ఎదుటి సీటు వెనకభాగాన్ని చూస్తూ కూచున్నాం. చివరికి ఆయనే అన్నాడు.

"ఆ ఒక్క ముఖం రాలిపోయినాది. మేడ పాత ఫొటోలో కూడా మసగ్గా ఉన్నాది. మిగతావాట్ని సూసి సేద్దామనే కూకున్నాను. సెయ్యి అటేపు ఎల్లిపోనాది."

"నీకెప్పుడు తెలిసినాది, పాపని సేస్తన్నావని?"

"పన్ను కాడ."

"తెలిసినాక ఆపలేదేం?"

"ఆపబుద్ధి కానేదు."

"నాకు సెప్పొచ్చు గదా."

"సెప్పడానికి నోరు రానేదు. సూపిద్దామనుకున్నాను."

నేను కిటికీ వైపు తిరిగి కూచున్నాను. బయట పామాయిలు తోటలు, నూనె గెలల లారీలు. ఆయన చెయ్యి సీటు మీద, నా చెయ్యి పక్కనే ఉంది. పట్టుకోలేదు.

బుధవారం మధ్యాహ్నం ఫోను చేశాడు.

"ఇంజనీరు మేడమ్ పాత ఫొటో పెద్దది సేయించి సూసినారు. దానికీ దీనికీ పొంతన నేదు. తీసేసి మళ్లీ సెయ్యమన్నారు."

"వాళ్లకి ఎలాగ తెలిసినాది?"

"తెలిసినాదిలే. ఏటి సేస్తాం," అన్నాడు. నీ వల్ల అని ఆ రోజు అనలేదు. ఈ రోజుకీ అనలేదు.

మర్నాడు బడికి సెలవు పెట్టి ఈపో వెళ్లాను. ఆయనకు చెప్పలేదు. మహలు పనులు చూసే ఇంజనీరమ్మ మలయా అమ్మాయి, ముప్పై ఏళ్లు దాటి ఉండవు. తలగుడ్డ మీదా కనుబొమల మీదా సున్నపు దుమ్ము. నన్ను చూడగానే ఆమెకు నేనెవరో తెలిసిపోయింది. కుర్చీ లేక సిమెంటు బస్తా మీద అట్టముక్క వేసి కూచోబెట్టింది. నేను నాకొచ్చిన మలయా భాషలో చెప్పాను. ఆ ముఖం ఎవరిదో, ఎన్నేళ్లకు పోయిందో, మాకు మళ్లీ పిల్లలు లేరనీ, ఆ రోజు అరిచింది నేనే కానీ తప్పు ఆయనది కాదనీ. దాన్ని తీయవద్దని చేతులు జోడించాను.

ఆమె నా చేతులు కిందికి దించింది.

"ఆంటీ, అదెవరో తెలియకముందే నాకు ఆ ముఖమంటే ఇష్టం. రోజూ దాని కింద నిలబడి టీ తాగేదాన్ని. ఏమిటి దీనిలో ఉన్నది, మిగతావాటిలో లేనిది అనుకునేదాన్ని." ఆమె ముక్కు తుడుచుకుంది. "మా పనికి ఒక్కటే నియమం, పాతది ఎలా ఉందో అలాగే చెయ్యాలి. కానీ ఫొటో మసకగా ఉన్న మాట నిజమే కదా. తెలియని చోట పనివాడి ఊహకు వదిలేశామని రాస్తాను. అడిగినవాళ్లకు నేను జవాబు చెప్పుకుంటాను. అంకుల్ ఊ అంటే చాలు."

ఆయనను పిలిపించింది. చేతులకు తడి సున్నంతో వచ్చి, నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆమె చెప్పింది అంతా విన్నాడు.

"వద్దు మేడమ్. తీసేస్తాను." అన్నాడు.

నేను లేచాను. "ఉంచమంటన్నారు గదా మావా! ఏటయింది నీకు?"

ఆయన నాతో తెలుగులో, మెల్లగా మాట్లాడాడు.

"ఆరోజు నువ్వడిగినావు, ఎవుల్నడిగి పెట్టినావని. ఎవుల్నీ అడగనేదు. నిన్ను కూడా అడగనేదు."

"ఇప్పుడు అడుగు. ఉంచమంటన్నాను."

"రేపు టికెట్టు కొనుక్కుని వచ్చినోళ్లంతా పాప కింద నిలబడతారు. ఫొటోలు తీసుకుంటారు. పన్ను నేదని సూపించుకుని నవ్వుతారు. నాకది తట్టనే నేదు. నువ్వు అరిసినాకే తెలివొచ్చినాది." తల అడ్డంగా ఊపాడు. "మేడకి బొమ్మ కాదు అన్నావు. నిజమే గదా."

ఎంత బతిమాలినా ఆయన మాట మారలేదు. నా మాటే పట్టుకుని నాకు అడ్డం పెట్టాడు. కోపంతో అన్నానని, దుఃఖంలో నోటికి ఎంత వస్తే అంత అంటారని ఎలా చెప్పను? ఇంజనీరమ్మకు మా మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. వెళ్లబోతుంటే, "ముఖానికి దగ్గరగా తీసిన ఫొటో నా దగ్గర ఉంది ఆంటీ, పంపనా?" అని అడిగింది. నేను అప్పుడు రగిలిపోతున్నాను. "తీసేసేదానికి ఫొటో ఎందుకు," అన్నాను.

తీసేముందు ఒకసారి పైకి ఎక్కిస్తారా అని మాత్రం అడిగాను. ఆ మూల పరంజీని పదకొండో ముఖం కిందికి జరిపారు. నా తలకు టోపీ పెట్టారు. చీర కుచ్చెళ్లు దోపుకుని గొట్టాల నిచ్చెన ఎక్కాను. ఆయన నా వెనకే ఎక్కాడు. ఒక్కొక్క మెట్టుకూ నా మడమ పట్టుకుని సరిగ్గా ఆనించాడు.

దగ్గరికి వెళ్తే కింది నుంచి కనబడనివన్నీ కనబడ్డాయి. మా ఊరి పడవల రేవు మెట్ల మీద పడితే ఎడమ కనుబొమ మీద పడిన గాటు. ముక్కు పక్కన చిన్న గుంట. చెవి వెనక, కింద నిలబడ్డ ఏ మనిషికీ ఎన్నటికీ కనబడని చోట, దాని పుట్టుమచ్చ. ఆ మచ్చ ఆయనకు తెలుసని నాకు తెలియదు. తలంటు పోసేది నేను. ఆయన ఎప్పుడు చూశాడో!

బుగ్గ మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. సున్నం లోపలిదాకా ఆరడానికి నెలలు పడుతుందట, ఇంకా తడి ఆరని చల్లదనం. నా నుదురు దాని నుదుటికి ఆనించాను. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. కింద ఎవరో సుత్తి కొడుతున్నవాళ్లు కూడా ఆపేశారు. ఆయన నా వెనక పలక మీద కూచున్నాడు. ఆయన ఏడుపు ఆ రోజే మొదటిసారి విన్నాను. ఏడవడం రాని మనిషి ఏడుపు, దగ్గులా ఉంది.

"ఇంక దిగవే. దిగి ఇంటికెల్లు. నువ్వుండగా నేను సెయ్యలేను," అన్నాడు.

దిగి వచ్చేశాను. మిగతాది ఆ తమిళ పెద్దమనిషి తర్వాత ఫోనులో చెప్పాడు. మా ఆయన సుత్తి ముట్టుకోలేదట. కింద గోనెసంచులు దళసరిగా పరిచి, సన్నటి రంపంతో వెనక నుంచి, ముఖం పగలకుండా ఊడదీయాలని చూశాడట. ఒక పూటంతా పట్టిందట. సున్నం ఇంకా పచ్చిది. చివరికి చేతుల్లోకి వచ్చీ రాగానే మూడు ముక్కలైంది. ఊడ్చేవాళ్లను దగ్గరికి రానివ్వలేదు. ముక్కలూ పొడీ అంతా తనే సంచిలోకి ఎత్తుకుని బయటికి వెళ్లాడు, వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. "ఎక్కడికి తీసుకెళ్లాడో నేను అడగలేదు అక్కా," అన్నాడతను. నేనూ అడగలేదు.

కొత్త ముఖం నాలుగు రోజుల్లో చేశాడు. మూసిన పెదాలు, ఎటూ చూడని కళ్లు. అందరూ మెచ్చుకున్నారట. శనివారం మామూలుగా ఇంటికి వచ్చాడు, కాళ్లు కడుక్కున్నాడు, అన్నం తిన్నాడు. మహలు కబుర్లు లేవు.

మహలు తెరిచారు. మా ఊరి బడి పిల్లలను కూడా బస్సులో తీసుకెళ్లి చూపించారు. మేం వెళ్లలేదు.

కొన్ని నెలలు పోయాక నాకు ఇంజనీరమ్మ పంపనా అన్న ఆ ఫొటో కావాలనిపించింది. మొదట ఊరికే అనిపించింది, తర్వాత అది లేకుండా నిలవలేకపోయాను. పాప బడిలో తీసిన ఫొటోలు మా దగ్గర రెండున్నాయి, రెండింటిలోనూ భయపడి బిగుసుకుపోయి ఉంటుంది. నవ్వుతూ ఉన్నది ఆ కప్పు మీద ఒక్కచోటే. ఇంజనీరమ్మ నంబరుకు చేస్తే పలకలేదు. మహలుకు చేస్తే, ఆ పనివాళ్లంతా వెళ్లిపోయారు, వాళ్ల కాగితాలు ఇక్కడ లేవు అన్నారు. తమిళ పెద్దమనిషి, ఆమె సరవాక్ వైపు ఎక్కడో పనికి వెళ్లిందని విన్నానన్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆగలేక ఆయనకు చెప్పేశాను. ఆయన మోటారుసైకిలు దగ్గరికి వెళ్లలేదు. "ఫొటో ఎందుకే? నేనున్నాను గదా. మళ్లీ సేసిస్తాను," అన్నాడు.

సున్నం నానబెట్టాడు. పదును కుదిరేదాకా రోజుల తరబడి కలిపాడు. వెనక వరండాలో పలక వేసుకుని కూచున్నాడు. నేను పక్కనే పీట వేసుకుని కూచున్నాను. పన్ను గురించి, చెవి గురించి, గాటు ఎటువైపో చెబుతూ వచ్చాను. ఆయన ఊ కొడుతూ చేస్తూ వచ్చాడు. ముఖం వచ్చింది. అందమైన ముఖమే. గాటుంది, పన్ను లేదు, మచ్చ ఉంది. కానీ అది మా పాప కాదు. ఎవరి పిల్లో. చెరిపి మళ్లీ చేశాడు. మరుసటి ఆదివారం మళ్లీ. నాలుగోసారి పూర్తి చేయకుండానే తాపీ కింద పెట్టాడు.

"రావట్లేదే," అన్నాడు. "అక్కడ నేననుకోకుండా వచ్చినాది. ఇక్కడ ఎంత అనుకున్నా రావట్లేదు." సున్నపు చేతులు ఒళ్లో పెట్టుకుని నా వైపు చూశాడు. "నేను మర్సిపోతన్నానేటే పాపని?"

"లేదు మావా, లేదు" అన్నాను. అనేసి, నేను కళ్లు మూసుకుని చూశాను. నాకూ పన్నూ చెవీ గాటూ విడివిడిగా వస్తున్నాయి. అన్నీ కలిసిన ముఖం రావడం లేదు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. నీళ్లు తెచ్చి, ఆయన చేతులు పట్టుకుని, గట్టిపడకముందే సున్నం కడిగేశాను.